మూడో చుట్టు

తప్పు చేసినవాడు తన పడవను అక్కడికక్కడే రెండు చుట్లు తిప్పాలి. తెరచాప పడవల పందేల్లో అది శిక్ష. ఎదుటి పడవ దారికి అడ్డం వస్తే కోర్టు లేదు, పోలీసు లేదు, అడిగేవాడూ లేడు. నువ్వే పక్కకు తప్పుకుని, చేతికొచ్చిన గాలి పోగొట్టుకుని, రెండుసార్లు గుండ్రంగా తిరిగి మళ్ళీ దారిన పడాలి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తప్పు చేసినవాడు తనంతట తానే గుంజీలు తీసే లోకం మా తాతకు చూపిస్తే, నాకు మతి పోయిందని తలకు ఆముదం రాసేవాడు.

ఆ లోకం నేను చూశాను. కువైట్‌లో అబూ హలీఫా ఒడ్డున నాలుగేళ్ళు చూశాను. అందులో నాకు తెలిసినంతవరకు ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు ఓన్నో ఫోల్కర్ట్స్.

ఆయన జర్మన్. అక్కడ ఉత్తరాన సముద్రం పక్కన తాతలనాటి ఫ్యాక్టరీ ఉండేది. ఉప్పునీళ్ళు తోడే పంపులు చేసేవాళ్ళు. కువైట్‌లో స్నానానికైనా, టీకైనా సముద్రాన్ని తోడి ఉప్పు తీసి వాడుకోవాల్సిందే కనక, షుఐబాలో ఆయన పంపుల వర్క్‌షాపు పెట్టాడు. అందులో నలభై మందిమి. సగం మా గోదావరి జిల్లాల వాళ్ళం, సగం కడప వాళ్ళు. నా పేరు కుక్కుటేశ్వరరావు. మాది పిఠాపురం దగ్గర. ఫిట్టర్ని. ముందు సార్ అనేవాళ్ళం, వెనక దొర అనేవాళ్ళం.

ఆయనకు పంపులు జీవనం, పందేలు ప్రాణం. వాళ్ళ దేశంలో గెలిచిన వెండి కప్పులు తెచ్చి వర్క్‌షాపులో నట్లూ బోల్టులూ పోసుకున్నాడు. గెలుపంటే అంత చులకన అనుకునేరు. శుక్రవారం ఓడిపోతే సోమవారం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆయన పడవలో ఇద్దరు ఉండాలి. వెనక చుక్కాని పట్టేది దొర. ముందు తాళ్ళు లాగేవాడు ఒక ఇంగ్లీషాయన, అతను దేశం వెళ్ళిపోయాడు. అప్పుడు దొర వర్క్‌షాపులోకి వచ్చి, మీలో నది పక్కన పుట్టినవాళ్ళెవరని అడిగాడు. మావాళ్ళు నన్ను ముందుకు తోశారు. నేను జన్మలో ఎక్కింది కోటిపల్లి రేవులో పంటు ఒక్కటే, అది కూడా రెండు గేదెల మధ్య నిలబడి. ఆ మాట చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు. అలా నేను పందెం పడవలో పడ్డాను.

పడవ మీద సార్ అంటే ఊరుకునేవాడు కాదు. ఓన్నో అనాలి. నా పేరు ఆయనకు నోరు తిరగక కుక్కు అనేవాడు. బరువంటే ఆయనకు పడదు. మంచినీళ్ళ సీసా ఎందుకు, దాహం వేస్తే ఒడ్డుకొచ్చి తాగు అనేవాడు. నా చెప్పులు తీయించాడు, మొలతాడుకున్న తాళంచెవి కూడా తీయించాడు. మరి పడవ ఒరిగినప్పుడు నిలబెట్టడానికి మాత్రం మనిషి బరువుండాలి. అందుకని ఒడ్డునే ఉన్న తన ఇంటి పెరట్లో సిమెంటు తొట్టిలో మూడు ఉన్ని స్వెట్టర్లు నానబెట్టి, నీళ్ళోడుతున్నవాటిని ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, పడవ అంచు మీద బయటికి వేలాడేవాడు. తడిసిన ఉన్ని బియ్యం బస్తాలా ఉంటుంది. ఇదేం పిచ్చి, నీళ్ళలో పడితే రాయిలా మునిగిపోతారు కదా అన్నాను ఒకసారి. పడకపోతే సరి, అన్నాడు.

మొదటిసారి ఆయన ఆ శిక్ష తిరిగినప్పుడు నేను పడవలోనే ఉన్నాను. పక్క పడవ దారికి మేం మూరెడు అడ్డం వచ్చాం. ఆ పడవవాళ్ళు తెరచాప అవతల ఉన్నారు, మమ్మల్ని చూడనే లేదు. మేం ముందున్నాం. దొర ఏదో జర్మన్‌లో తిట్టుకుని చుక్కాని తోశాడు. రెండు చుట్లు తిరిగాం. నాలుగో స్థానానికి పోయాం. ఎవరూ చూడలేదు కదా అని నేను సణిగితే, నేను చూశాను కదా అని కసిరాడు.

ఒడ్డు మీద మావాళ్ళు ఇది చూసి కంగారుపడ్డారు. కడప జిల్లా చిన్నపుల్లయ్య నేను దిగగానే అడిగాడు. ఆయన మా అందరికంటే పెద్దవాడు, వెల్డరు, మాట కరుకు.

"ఏందబ్బీ, ఆయప్ప గంగమ్మకు ప్రదచ్చిణం చేస్తాండెనా?"

"కాదన్నా. తప్పు చేసేడు. రెండు సుట్లు తిరిగితే తప్పు పోద్దంట."

"రెండు సుట్లకేనా? మా ఊర్లో దేవుడు గూడా అంత అగ్గువకు ఇడిసిపెట్టడే."

ఆ తర్వాత అది మావాళ్ళకు ఆటైపోయింది. శుక్రవారం ఇసకలో కూర్చుని, దొర పడవ గుండ్రంగా తిరగడం మొదలెట్టగానే అన్ని గొంతులూ కలిపి ఒకటి, రెండు అని అరిచి చప్పట్లు కొట్టేవాళ్ళు. పడవ తిన్నగా సాగేది. దొర అక్కడినుంచి చెయ్యి ఊపేవాడు.

ఇంకో నియమం కూడా చెప్పాలి. ప్రతి పడవలోనూ ఒక ఎర్రగుడ్డ ఉంటుంది. నీకు అన్యాయం జరిగిందనుకుంటే దాన్ని తెరచాప కొయ్యకు కట్టిన పక్క తీగకు ముడివేస్తావు. ఇక సముద్రం మీద వాదన ఉండదు. ఒడ్డుకు వెళ్ళి, అందరి ముందూ తేల్చుకోవాలి. మా పడవలో ఆ గుడ్డ మడిచి కొయ్య మొదట్లో సంచిలో పెట్టేది నేనే.

ఎనభై రెండు ఎండాకాలంలో కువైట్‌లో షేర్ల బజారు కూలింది. సూక్ అల్ మనాఖ్ అనేవారు దాన్ని. మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న కువైటీ, దొరకు భాగస్వామి. ఆయన పంపుల మీద వచ్చిందంతా ఆ బజారులో పోసి, అది మునగగానే వైద్యానికని లండన్ వెళ్ళి తిరిగి రాలేదు. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు, వాళ్ళ జూదానికి మా వర్క్‌షాపు తలుపుకు లక్క ముద్ర పడింది. దొర స్నేహం కొద్దీ భాగస్వామి కాగితాల మీద హామీ సంతకం చేసి ఉన్నాడు. కోర్టు ఆయన్ని దేశం దాటొద్దంది. ఇక్కడి పని ఆగిపోవడంతో అక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. దొరసాని సెలవుకని వెళ్ళింది, సెలవు అయిపోలేదు.

మా గతి కుడితిలో పడ్డ ఎలుకల గతి. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామాల గడువు తీరిపోయింది. పాసుపోర్టులు కార్మిక ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఇంకోచోట పని చేస్తే పట్టుకుంటారు, ఊరికి పోదామంటే పోనివ్వరు. ఏడాదిన్నర అలాగే షుఐబా క్యాంపులో రేకుల కింద పడి ఉన్నాం. కరెంటు తీసేశారు. కొందరు పిచ్చిచూపులు చూసేవారు. ఒకతను పొద్దస్తమానం తన పెట్టె సర్దుకుని, విప్పి, మళ్ళీ సర్దుకునేవాడు. దొర మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఆయన ఇంట్లో ఫ్రిజ్ పోయింది, మాకు బియ్యం వచ్చాయి. కారు పోయింది, పప్పూ నూనే వచ్చాయి. పడవ మాత్రం అమ్మలేదు. దాన్ని కూడా అమ్మొచ్చు కదా అని మావాళ్ళు గొణిగారు. మనిషికి ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉండాలి, అంతేనని నేను పోట్లాడాను.

ఎట్టకేలకు ఎనభై నాలుగు జనవరిలో ఆఫీసు కనికరించింది. మమ్మల్ని వదిలేస్తామంది. ఒక్కటే షరతు. కంపెనీ తరఫున సంతకం చేసే హక్కు ఇద్దరికే ఉంది, కఫీల్‌కీ దొరకీ. కఫీల్ లేడు. కాబట్టి దొర స్వయంగా వచ్చి, అధికారి ముందు, ఒక్కొక్కరి విడుదల కాగితం మీద సంతకం చేయాలి. శనివారం రమ్మన్నారు. ఆ శనివారం తప్పితే ఆ అధికారి బదిలీ, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

గురువారం పుల్లయ్యన్న నన్ను క్యాంపు గోడ నీడకు పిలిచాడు.

"అబ్బీ, రేపు పడవలో నువ్వే గదా ఆయప్ప పక్కన. కండ్లు తెర్సుకోని ఉండు."

"ఎందుకన్నా?"

"ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. ఆయప్పకు పడవుండాది, అవతల దేశముండాది. మనకేముండాది?"

"దొర అలాటోడు కాదన్నా."

"ఎవురూ అట్లాంటోళ్ళు కారు, గాలి మళ్ళేదాంక." ఆయన గొంతు తగ్గించాడు. "నేనొచ్చినప్పుడు నా బిడ్డ పాకతాండె. ఇప్పుడు బడికి పోతాందంట. ఇంగొక ఏడాదైతే నా మొగం జూసి ఏడుస్తాది. శనివారం ఆయప్ప సంతకం పెట్టాల. నాకు కావాల్సింది అంతే."

నేను నవ్వేసి వచ్చాను. కానీ ఆ మాట చెప్పులో రాయిలా నాతోపాటే వచ్చింది.

శుక్రవారం పొద్దున ఉత్తరపు గాలి. చలి. పడవను నీళ్ళలోకి తోస్తుంటే బరువుగా అనిపించింది. ముందు భాగంలో గుడ్డ కప్పి రెండు క్యాన్ల మంచినీళ్ళు, రొట్టెలు, ఒక దిక్సూచి. తాళంచెవి బరువు ఒప్పుకోని మనిషి నీళ్ళ క్యాన్లు ఎక్కించాడు. తొట్టిలో స్వెట్టర్లు లేవు, ఆయన పొడి కోటు వేసుకున్నాడు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన తాళ్ళ వైపు చూశాడు.

గాలి వెనకనుంచి కొడుతుంటే అన్ని పడవలూ దక్షిణానికి పరిగెత్తాయి. దూరాన తేలుతున్న పీపాను చుట్టి, ఎదురుగాలిలో తిరిగి రావాలి. పీపా దగ్గరికి అందరికంటే ముందు మేమే చేరాం. చేరి, దాటాం. వెనక్కి చూస్తే మిగతా పడవలు ఒక్కొక్కటే పీపా చుట్టి ఒడ్డు వైపు తిరుగుతున్నాయి. మేం తిన్నగా పోతున్నాం.

"ఓన్నో, పీపా దాటిపోయాం," అన్నాను.

"తెలుసు."

ఆయన ముందే పేర్చుకున్న మాటల్లా నెమ్మదిగా చెప్పాడు. ఖఫ్జీ దగ్గర సౌదీ నీళ్ళలో సముద్రం అడుగు తవ్వే ఓడ ఒకటి ఉంది. దాని కెప్టెన్ ఆయనతో చదువుకున్నాడు. సాయంత్రానికి మమ్మల్ని ఎక్కించుకుంటాడు.

"ఇద్దర్నీ," అన్నాడు. "నీ కాగితాలు నేను చూసుకుంటాను. నా దేశంలో నీకు పని ఇప్పిస్తాను. వచ్చే వారం నాకు కోర్టు, కుక్కు. తర్వాత జైలు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. అందులోంచి నడిచి బయటికి రాను."

అబద్ధం ఎందుకు, నాకు ఒళ్ళు పులకరించింది. ఏడాదిన్నర రేకుల కింద ఉడికినవాడికి తలుపు తీసినట్టుంది. గాలి వీపు తడుతోంది, నీళ్ళు పడవ కింద గలగలమంటున్నాయి, ఇంకో పూట కూర్చుంటే చాలు. కాసేపు నేను తాళ్ళు సరిచేస్తూ కూర్చున్నాను. ఆ కాసేపూ నేను సంతోషంగా ఉన్నాను.

తర్వాత ఒడ్డు గుర్తొచ్చింది. మావాళ్ళు ఇసకలో కూర్చుని ఉంటారు. పడవలన్నీ వచ్చాక మా తెరచాప కోసం వెతుకుతారు. రెండు చుట్లకే శిక్ష తీరుతుందా అని అడిగిన పుల్లయ్యన్న లేచి నిలబడి ఉంటాడు. రేపు పొద్దున ఆఫీసు మెట్ల మీద ముప్పై తొమ్మిది మంది స్నానాలు చేసి, తలలు దువ్వుకుని నిలబడతారు. నాకు భయంకరమైన కోపం వచ్చింది. పారిపోతున్నందుకు కాదు, నన్ను ఎంచుకుని తీసుకెళ్తున్నందుకు. నన్ను ఒడ్డున వదిలేసి ఉంటే మావాళ్ళతో కలిసి హాయిగా తిట్టుకునేవాడిని.

నేను సంచిలోంచి ఎర్రగుడ్డ తీసి పక్క తీగకు కట్టాను.

"అదేంటి?" అన్నాడు.

నా ఇంగ్లీషు అప్పుడే చచ్చింది. "రూల్," అన్నాను.

"సొంత పడవ మీద కట్టే రూల్ లేదు."

"రూల్. ఒడ్డున మాట్లాడాలి. ఇక్కడ కాదు." గుడ్డ ముడి ఇంకోసారి బిగించాను. "ఓన్నో, ముప్పై తొమ్మిది మంది. రూల్."

ఆయన నా వైపు చూడలేదు. ఆ గుడ్డ వైపే చూశాడు. అది గాలికి పటపటా కొట్టుకుంటోంది. విప్పమని అరిస్తే విప్పేవాడినేమో, తెలీదు. ఆయన అరవలేదు. చుక్కాని చేతిలో పట్టుకునే ఏడ్చాడు. దొరలు అలా చిన్నపిల్లల్లా ముక్కు చీదుకుంటూ ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలీదు. నాకూ ఏడుపొచ్చింది. దిక్కూ మొక్కూ లేని ఆ నీళ్ళ మధ్య ఇద్దరం ఏడుస్తూ ఇంకా దక్షిణానికే పోతున్నాం.

అప్పుడు ఆయన ముక్కు తుడుచుకుని చుక్కాని తోశాడు. పడవ తిరిగింది. ఒక చుట్టు. మళ్ళీ ఒక చుట్టు. చుట్టుపక్కల ఎక్కడా ఇంకో తెరచాప లేదు. రెండో చుట్టు పూర్తయ్యాక పడవను ఉత్తరానికి పెట్టి, నీళ్ళ క్యాన్లు రెండూ సముద్రంలో పారబోయమన్నాడు.

ఎదురుగాలిలో ఒడ్డుకు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మావాళ్ళందరూ అక్కడే ఉన్నారు. పుల్లయ్యన్న తొడల్లోతు నీళ్ళలోకి వచ్చి పడవ ముక్కు రెండు చేతులా పట్టుకున్నాడు. పారిపోబోయే దూడను పట్టుకున్నట్టు ఇసక దాకా వదల్లేదు. తీగకున్న ఎర్రగుడ్డ చూశాడు, నన్ను చూశాడు.

శనివారం దొర సూటు వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క సంతకం ముందూ ఆ మనిషిని దగ్గరికి పిలిచి, పేరు పలకడానికి ప్రయత్నించి, చెయ్యి కలిపాడు. చిన్నపుల్లయ్య దగ్గరికి వచ్చేసరికి అధికారి యల్లా యల్లా అన్నాడు. దొర తొందరపడలేదు. చివర నాది. నా కాగితం మీద సంతకం చేసి కలం మూత పెడుతున్నప్పుడు ఆ గదిలో విడుదల కాని మనిషి ఆయన ఒక్కడే. ఆ మళ్ళీ శనివారమే ఆయనకు కోర్టు. ఆ రోజే పడవకు కూడా ముద్ర వేస్తారని చెప్పారు.

ఆ గుడ్డ కట్టినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు, వెర్రివాడన్నవాళ్ళూ ఉన్నారు. అదే రోజు మళ్ళీ వస్తే మళ్ళీ కడతాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ కట్టినప్పుడల్లా ఈ కడుపులో మంట కూడా మళ్ళీ అంతే ఉంటుంది.

గురువారం పొద్దున మా ప్రయాణం. బుధవారం సాయంత్రం నేనూ పుల్లయ్యన్నా దొర ఇంటికి వెళ్ళాం. ఇంట్లో సామాను లేదు, మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. ఆయన పెరట్లో ఉన్నాడు. సిమెంటు తొట్టిలో మూడు స్వెట్టర్లు నానుతున్నాయి.

"రేపు పందెం లేదు కదా?" అన్నాను.

"గాలి ఉంది. శనివారం పడవ పోతుంది కదా. ఒకసారి తిరిగొస్తాను."

"ముందు తాళ్ళెవరు లాగుతారు?"

"తొందర లేకపోతే ఒక్కడు చాలు." నవ్వాడు. "కుక్కు, నా ఎర్రగుడ్డ నీ దగ్గరే ఉంది."

నిజమే, గుర్తుగా ఉంటుందని పెట్టెలో దాచుకున్నాను. ఎందుకని అడిగితే, పడవ సామాను పడవలోనే ఉండాలి అన్నాడు. నాకు చిన్నతనం వేసి, అప్పటికప్పుడు క్యాంపుకు పోయి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని పాతికసార్లు ఉతికిన పసిపిల్ల గుడ్డలా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పుల్లయ్యన్న ఏదో చెప్పాలని వచ్చాడు. భాష లేదు. రెండు చేతులూ జోడించి, "నా బిడ్డ పేరు ఓబులమ్మ సార్. నీ మాట దానికి జెప్తా," అన్నాడు తెలుగులోనే. దొర అర్థమైనట్టే తల ఊపాడు.

గురువారం బస్సు తోలింది రాయచోటి మహమ్మద్ గౌస్. ముందు సీట్లో మా పాసుపోర్టుల సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక పోలీసు. షుఐబా నుంచి ఎయిర్‌పోర్టుకు సముద్రం పక్క రోడ్డు పట్టాం. బస్సులో గోల చెప్పలేను. ఏడాదిన్నరగా నవ్వనివాళ్ళు నవ్వుతున్నారు, పెట్టె సర్దుకునే అతను పెట్టె మీద దరువు వేస్తున్నాడు. అబూ హలీఫా రాగానే అందరూ కుడివైపు కిటికీలకు ఎగబడ్డారు.

"దొర, దొర పడవ."

ఒడ్డుకు మరీ దూరం లేదు. తెల్లటి తెరచాప పొద్దుటెండలో మెరుస్తోంది. చూస్తుండగానే అది గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"తప్పు జేసినాడ్రా దొర," ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. అలవాటు ప్రకారం నలభై గొంతులూ లేచాయి. ఒకటి. గౌస్ కూడా బస్సు నెమ్మది చేసి చూశాడు. రెండు. చప్పట్లు కొట్టారు. కిటికీల్లోంచి చేతులు ఊపారు. దొర చెయ్యి ఊపుతాడని నేనూ చూస్తున్నాను.

పడవ తిన్నగా సాగలేదు. తెరచాప ఒకసారి వదులై కొట్టుకుని, మళ్ళీ గాలి పట్టి, ఇంకో చుట్టు తిరగడం మొదలెట్టింది.

"మూడు తిరగడు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. లేచి అరిచాను. "మూడు తిరగడ్రా. ఆయన మూడు తిరగడు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నేను ముందుకు పోయి గౌస్‌ను ఆపమన్నాను. పోలీసు చెయ్యి అడ్డం పెట్టి, విమానం, విమానం అన్నాడు. గౌస్ అతని వైపు చూసి, ఆపలేక రోడ్డు వైపు తిరిగాడు. అప్పుడు పుల్లయ్యన్న లేచాడు. ఊరు, బిడ్డ అని అందరికంటే ఎక్కువ కొట్టుకున్నవాడు లేచి వచ్చి గౌస్ భుజం మీద చెయ్యేశాడు.

"నిలుపప్పా."

"పోలీసుండాడు గదన్నా. ఫ్లైటు పోతాది."

"పోతే పోనీ. నిలుపుతావా, దూకమంటావా?"

బస్సు ఆగింది. నలభై మందిమీ ఇసకలోకి దిగాం. అక్కడినుంచి స్పష్టంగా కనపడుతోంది. తెరచాప కింద తల లేదు. అంచు మీద వేలాడే మనిషి లేడు. పడవ ఎవరో తిప్పుతున్నట్టే బుద్ధిగా తిరుగుతోంది. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

నేను దొర ఇంటి పెరట్లోకి పరిగెత్తాను. తొట్టి నిండా నీళ్ళున్నాయి. స్వెట్టర్లు లేవు. తొట్టి అంచు నుంచి ఒడ్డు దాకా తడి చుక్కల బారు, ఇంకా ఆరలేదు. పట్టరాని దుఃఖంతో ఆ తొట్టిని కాలితో తన్నాను.

చేపల లాంచి ఒకటి దగ్గర్లో ఉంటే అరిచి, చేతులు ఊపి పంపించాం. నేనూ ఎక్కబోతే పోలీసు నా కాలరు పట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, అతని చంకలో నలభై పాసుపోర్టులున్నాయి, అంతే. లాంచి ఆ చుట్టుపక్కలంతా చాలాసేపు వెతికి, చివరికి పడవను కట్టి లాక్కొచ్చింది. లోపల ఎవరూ లేరు. తాళ్ళు అన్నీ నేను చుట్టే పద్ధతిలోనే చుట్టి ఉన్నాయి. చుక్కాని ఒక పక్కకు పూర్తిగా లాగి పడవ అంచుకు కట్టేసి ఉంది. కట్టింది నా ఎర్రగుడ్డతో. ముడి తడిసి బిగిసిపోయింది, నా గోళ్ళతో రాలేదు. పుల్లయ్యన్న పళ్ళతో విప్పాడు.

పోలీసు గడియారం చూపించి, ఇక ఖలాస్, విమానం టైమైంది అన్నాడు. మమ్మల్ని లెక్కపెట్టి బస్సెక్కించాడు. లాంచివాళ్ళు మళ్ళీ వెతకడానికి బయల్దేరారు. మేం అక్కడ ఉండి చేసేది లేదని అందరికీ తెలుసు. ఉంటే మళ్ళీ రేకుల కింద అని కూడా తెలుసు. ఏరు దాటాం. బోడి మల్లన్న అన్నది మేమేనని ఎవరూ అనలేదు, అనాల్సిన పని లేకపోయింది.

బస్సు కదిలింది. పుల్లయ్యన్న నా పక్కన కూర్చున్నాడు. ఎర్రగుడ్డ ఆయన చేతిలో ఉంది, నీళ్ళు మోకాలి మీద కారుతున్నాయి. సముద్రం ఇళ్ళ వెనక్కి పోయేదాకా చూసి, నా వైపు తిరిగాడు.

"అబ్బీ, నీకు ఆ రూల్సంతా తెలుసు గదా."

"ఊఁ."

"ఆయప్ప ఏం తప్పు చేసినాడని అన్ని సుట్లు?"

నాకు తెలిసిన నియమాలన్నీ వెతుక్కున్నాను. ఎయిర్‌పోర్టు వచ్చేసింది. ఆయన ఇంకా నా ముఖం వైపే చూస్తున్నాడు.